ఎడ్లు మేసిన గుడి

సలోమి దవాఖాన లోపలికి అడుగుపెట్టేసరికి హనోకు ఒక ఎద్దు నోట్లో వెదురు గొట్టం పెట్టి మందు పోస్తున్నాడు.

ఇది మనుషుల దవాఖాన కాదని ఆమెకు అప్పుడు అర్థమైంది. కానీ ఆలస్యమైంది. ఎద్దు ఒక్కసారి తల విదిలించింది. గొట్టంలోని నల్లటి కషాయం సగం నేలపాలైంది. మిగతా సగం సలోమి చీరకు దక్కింది. లేత నీలం చీర, ఆ రోజే మొదటిసారి కట్టింది.

"కండ్లు కనపడ్తలేవా?" అంది సలోమి.

"గొట్టం నాది. తలకాయ దానిది. ఏమన్న ఉంటే దాన్నడుగుండ్రి మేడం."

"హనోకు అంటే ఎవరు?"

"నేనే."

"నువ్వు ఊరూరు తిరిగే డాక్టరువని చెప్పింది మా పెద్దమ్మ!"

"మీ పెద్దమ్మకు బర్రె ఉన్నది. బర్రె ఉన్నోళ్లకు నేను డాక్టర్నే. లేనోళ్లకు కాంపౌండర్ని."

సలోమికి నవ్వొచ్చింది. చీర గుర్తొచ్చి ఆ నవ్వును మధ్యలోనే మింగేసింది. మింగిన ఆ సగం నవ్వును హనోకు చూశాడు. పాపం, అతని పని అక్కడితో అయిపోయింది. ఎద్దుకు ఇంకా సగం మందు పట్టాలన్న సంగతి కూడా మరిచిపోయి గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నాకొక గుడి కావాలె," అంది సలోమి.

"గుళ్లకేం తక్కువ? బోరంచకు పోతే నల్లపోచమ్మ గుడి ఉన్నది. ఇగ ఈడ..."

"గవి కాదు. మన గుడి, ప్రభువు గుడి. పాతది. మా నాయనమ్మ లగ్గమైన గుడి."

కొంగు మీది మరక తుడుచుకుంటూనే ఆమె కథంతా చెప్పింది. వాళ్లది సంగారెడ్డి. నాయనమ్మ పేరు రిబ్కమ్మ. ఆమె పెళ్లి ఈ ఖేడు చుట్టుపక్కలే ఎక్కడో ఒక గుడిలో జరిగింది. పెళ్లికొడుకు మొగులయ్య. బాప్తిస్మం తీసుకున్నా పేరు మాత్రం మార్చుకోని మొండి మనిషి. పెళ్లయ్యాక ఇద్దరూ సంగారెడ్డి వెళ్లి మిషన్ హాస్టల్ వంటింట్లో పనికి కుదిరారు. మళ్లీ ఇటు వచ్చింది లేదు. మొగులయ్య పోయి చాలా కాలమైంది. ఆ గుడి ఏ ఊళ్లోదో రిబ్కమ్మకు తెలియదు. అప్పటికి ఆమె లంగా ఓణీల పిల్ల. ఆమెకు గుర్తున్నది ఒక్కటే. గోడల్లోంచి ఎండ వచ్చేదట. లోపలంతా బంగారంలా మెరిసేదట.

ఈ ముక్క పట్టుకుని సలోమి నాన్న కాలేబు ఒక పెద్ద రాతిగుడిని మనసులో కట్టేసుకున్నాడు. కమాన్లు, రంగురంగుల అద్దాల కిటికీలు, పైన గంట. మిషన్ వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగాడు. అలాంటి గుడి ఖేడు దగ్గర ఎన్నడూ లేదన్నారు వాళ్లు.

"ఇప్పుడు గా గుడితోని ఏం పని?" అడిగాడు హనోకు.

"నా లగ్గం అండ్లనే కావాలని నాయనమ్మ పట్టు. గుడి దొరికితే లగ్గం."

"దొరక్కపోతే?"

"దొరికెదాంక లగ్గం లేదు."

"పిల్లగాడు ఉన్నడా?"

"సికింద్రాబాదుల రైల్వే నౌకరి. మా నాయన మాటిచ్చిండు."

హనోకు గబగబా ఆలోచించాడు. గుడి దొరికితే ఈ పిల్ల సికింద్రాబాదు రైలెక్కుతుంది. కాబట్టి గుడి దొరకకూడదు. ఇంత సులువైన లెక్క బడిలో ఉన్నప్పుడు కూడా అతనికి ఎప్పుడూ తగల్లేదు.

"నేను తిప్పుత మేడం," అన్నాడు ఎద్దు వీపు తడుతూ. "ఈ తాలూకాల నాకు తెల్వని ఊరు లేదు."

మండలాలు వచ్చిన కొత్త అది. జనం నోట ఇంకా తాలూకాలే ఉన్నాయి.

*

వెతకడం ఎలాగో హనోకుకు తెలియదు కానీ, వెతక్కుండా ఉండడం ఎలాగో బాగా తెలుసు. గుడి ఉండే వీలే లేని ఊళ్లకు తీసుకెళ్తే సరిపోతుంది. అందుకని మొదట సిర్గాపూర్ ఎంచుకున్నాడు.

హనోకు లూనా మోపెడ్ మీద వెనక సలోమి పక్కకు తిరిగి కూర్చుంది. పెద్దమ్మ కాదనలేదు. ఆమె బర్రె రేపో మాపో ఈనేలా ఉంది. అలాంటప్పుడు హనోకును ఎవరు కాదంటారు? దారి పొడుగునా జొన్న కోతలు. కొడవళ్లు పట్టుకున్న ఆడవాళ్లు లూనాను చూసి ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకున్నారు. హనోకు చెవులు ఎర్రబడ్డాయి. వెనక కూర్చున్న మనిషికి అవి బాగా కనిపించాయి.

ఊరి మొదట్లో మాణిక్యప్ప అనే ముసలి రైతు మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. లేదంటాడన్న ధీమాతో హనోకు గట్టిగా అడిగాడు.

"తాతా, ఈడ ఎన్నడన్న కిరస్తానోళ్ల గుడి ఉండెనా?"

"ఉండె గద," అన్నాడు మాణిక్యప్ప తలెత్తకుండా. "గా ఎర్రశెలకల. నా చిన్నతనంల. మస్తు పాటలు పాడేటోళ్లు."

హనోకు ధీమా జారింది. "మంచిగ యాది చేసుకో తాతా."

"నా శెలక నాకు యాదుండదా? గుడికి పొద్దు మొకాన తలుపుండె."

"మరి ఏమైంది గా గుడి?" అడిగింది సలోమి.

"ఏమైతది బిడ్డా? కోతలైనంక పోయింది."

కోతలయ్యాక పోవడానికి గుడి ఏమన్నా కూలి మనిషా? ముసలాయనకు మతి తప్పిందనుకున్నారు ఇద్దరూ. అయినా ఆ ఎర్రమట్టి చేనంతా తిరిగారు. పునాది రాయి లేదు. ఇటుక ముక్క లేదు. సలోమి చెప్పు కొనతో మట్టి గీరి చూసింది.

"ఏం లేదు," అంది.

"అయ్యో," అన్నాడు హనోకు.

"అయ్యో," అంది సలోమి కూడా.

ఏ అయ్యోలోనూ బాధ లేదు. ఆ మాటకొస్తే సలోమి మొహం హాయిగా కూడా ఉంది. ఇదేంది, దొరక్కపోతే ఈ పిల్ల ఖుషీగా ఉన్నట్టుందేంది అని హనోకు తికమకపడ్డాడు. పడాల్సిందే. ఎందుకంటే అతనికి తెలియని సంగతి ఒకటి ఉంది. రైల్వే పిల్లవాడు సలోమికి నచ్చలేదు. చూపులకు వచ్చిన రోజున అతను బిస్కెట్లు తింటూ రైళ్ల వేళలు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రోజు నాయనమ్మ జ్వరంతో లోపల పడుకుని అతన్ని చూడనే లేదు. నాన్నకు ఎదురు చెప్పే ధైర్యం ఆమెకు లేదు. నాయనమ్మ పట్టు దేవుడు పంపినట్టు దొరికింది. గుడి దొరికేదాకా పెళ్లి లేదు కాబట్టి, గుడిని తానే వెతుకుతానని బయల్దేరింది.

అంటే ఆ లూనా మీద ఉన్న ఇద్దరికీ గుడి దొరకడం ఇష్టం లేదు. ఇద్దరూ ఆదివారం ఆదివారం పొద్దున్నే తయారై దాన్ని వెతుకుతున్నారు.

తర్వాత బోరంచ వైపు వెళ్లారు. పోచమ్మ తల్లి పక్కన ప్రభువు గుడి ఉండదని హనోకు నమ్మకం. కొబ్బరికాయలమ్మే కిష్టవ్వ ఆ నమ్మకాన్ని కూడా పగలగొట్టింది.

"ఉండకేంది? వాగు పక్కపొంటి ఉండె. మా అవ్వతోని నేను గూడ పోయి చూసిన. పోరగాండ్లకు బెల్లం పెట్టేటోళ్లు."

"మరి ఇప్పుడేది?"

"ఎండలు ముదరంగనే లేకుండ పాయె. ఇగో, కాయలు తీసుకుంటరా? బేరాలొస్తున్నయ్, జరుగుండ్రి."

వాగు పక్కన కూడా ఏమీ లేదు. సలోమి బండ మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది.

"కాంపౌండర్ సాబ్, ఒక్క గుడి రెండు ఊర్లల్ల ఎట్ల ఉంటది?"

"గదే నాకు సమజైతలేదు."

"నువ్వే వాండ్లకు నేర్పిచ్చి పెడుతున్నవా?"

"నేనా?" అన్నాడు హనోకు. "నేను నేర్పిస్తే లేదని నేర్పిస్త గద!"

నోరు జారాక నాలుక కరుచుకున్నాడు. సలోమి అతని వైపు వింతగా చూసింది. ఆ చూపుకు అర్థమేంటో అతను ఇల్లు చేరేదాకా ఆలోచించాడు. ఏమీ తేలలేదు.

*

మూడో ఊరు నాగల్‌గిద్ద. కర్ణాటక పక్కనే. ఇంత దూరం గుడి వచ్చే ప్రసక్తే లేదు. హనోకు ఈసారి నిశ్చింతగా ఈల వేసుకుంటూ లూనా నడిపాడు.

ఊరు చేరకముందే కాలం కాని కాలంలో వాన అందుకుంది. మొదట ఒక చినుకు సలోమి ముక్కు మీద పడింది. ఆమె దాన్ని తుడుచుకునేలోపే మిగతావన్నీ వచ్చేశాయి. పక్క చేనులో జొన్న కోత అయిపోయి ఉంది. సొప్ప కట్టలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టారు. వాటి మధ్య గూడులా కొంచెం చోటుంది. అందులోంచి ఒక ముసలమ్మ చెయ్యి ఊపింది.

"బా, బా! లోపలికి రాండ్రి, మళెల నానుతరు!"

ఆమె చెన్నబసమ్మ. ఆ చేను ఆమెదే. మాట సగం కన్నడం, సగం తెలుగు. ఇద్దరూ వంగి లోపలికి దూరారు. మోచేయి మోచేయికి తగిలింది. ఇద్దరూ ఒకేసారి "సారీ" అన్నారు. చెన్నబసమ్మ మొహం అటు తిప్పుకుని నవ్వుకుంది.

వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. ఎండ వచ్చింది. పసుపు రంగు ఎండుసొప్ప సందుల్లోంచి ఆ ఎండ లోపలికి దిగింది. హనోకు చెంప మీద, సలోమి చేతుల మీద, నేల మీద, అంతటా బంగారు గీతలు.

సలోమి చెయ్యి చాపి సొప్పను ముట్టుకుంది.

"గోడల్లకెల్లి ఎండ," అంది మెల్లగా.

హనోకు అడగకూడదనుకుంటూనే అడిగాడు. "అమ్మా, ఈడ కిరస్తానోళ్ల గుడి..."

"ఇత్తు, ఇత్తు. ఇదే చేన్ల ఉండె," అంది చెన్నబసమ్మ. "గిట్లనే ఉండె. కోతలకు కూలోళ్లు వస్తుండ్రి గద, ఊరూరు తిరుక్కుంట. ఐతారం వాండ్లకు పని బంద్. మా మావ సొప్ప ఇస్తుండె. గుడి కట్టుకుని పాటలు పాడుతుండ్రి. కోతలైనంక విప్పి మా సొప్ప మాకిచ్చి ఇంకో ఊరు పోతుండ్రి."

"మరి గుడి?"

"ఎత్తు తిందవు," అని పకపకా నవ్వింది ముసలమ్మ. "మా ఎడ్లు మేసినయ్ బిడ్డా, మీ గుడిని!"

సిర్గాపూర్‌లో ఉన్నదీ నిజమే. బోరంచలో ఉన్నదీ నిజమే. కోత ఎక్కడుంటే గుడి అక్కడుంది. సొంతంగా గజం నేల కూడా లేని కూలివాళ్లు ఊరూరా కట్టుకుని, ఊరూరా విప్పుకున్న గుడి అది. మిషన్ వాళ్ల పుస్తకాల్లోకి ఎలా ఎక్కుతుంది?

ఇద్దరూ బయటికి వచ్చి బండి దగ్గరికి నడిచారు.

"దొరికింది," అంది సలోమి.

"దొరికింది," అన్నాడు హనోకు. ఇక మగవాడిలా ఉండాలనుకున్నాడు. మగవాడిలా అంటే ఏంటో తెలియక ముప్పై రెండు పళ్లూ బయటపెట్టాడు. "ముబారక్ మేడం! ఇగ నీ లగ్గం జల్దీ అయితది."

సలోమి అతని పళ్లనే చూసింది. "నీకు గంత ఖుషీగ ఉన్నదా?"

"ఉండదా మరి? దీనికోసమే గద గిన్ని దినాలు తిరిగింది."

"బండి తియ్యి."

ఖేడులో పెద్దమ్మ ఇంటి ముందు దిగి, గేటు మూస్తూ అంది. "నీకు ఎడ్ల రోగాలే తెలుస్తయ్. మనుషులవి తెల్వయ్."

నేనేమన్నానని? హనోకు బుర్ర గోక్కుంటూ చాలాసేపు ఆ గేటు ముందే నిలబడ్డాడు. లోపల బర్రె అరిచేసరికి ఉలిక్కిపడి వెళ్లిపోయాడు.

*

సంగారెడ్డికి తిరిగొచ్చాక గుడి దొరకలేదని సలోమి అబద్ధం ఆడి ఉండొచ్చు. కానీ నాయనమ్మ మొహం చూసి అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు. సొప్ప సంగతి విని రిబ్కమ్మ, "ఔ, సొప్పనే గద," అంది తాపీగా. కాలేబు కట్టుకున్న రాతిగుడి ఆ ఒక్క మాటతో కూలిపోయింది. అయినా అతను కోలుకున్నాడు. గుడి దొరికింది కాబట్టి పెళ్లి ఆగదు. రైల్వే వాళ్లకు కబురు పంపి, ఖేడు బస్సెక్కి నేరుగా పశువుల దవాఖానకు వచ్చాడు.

"తమ్మీ, రైతులకు నువ్వు ఎరుకున్నోడివి. గా నాగల్‌గిద్ద చేన్లనే గుడి నువ్వే కట్టియ్యాలె. పుణ్యముంటది."

పుణ్యం ఏం చేసుకోను అని అడగాలనిపించింది హనోకుకు. "సరే పెద్దమనిషీ," అని మాత్రం అన్నాడు.

సెలవు పెట్టి చేనుకు వెళ్లాడు. కూలివాళ్లు వస్తామంటే వద్దన్నాడు. కట్టలు తానే మోశాడు. వాసాలు తానే నిలబెట్టాడు. సొప్ప ఆకులకు చేతులు కోసుకుపోయాయి. ప్రతి ముడి దగ్గరా రైల్వే పిల్లవాడి మీద కోపం వచ్చింది. తన మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఇష్టపడ్డ పిల్ల ఇంకొకరి పక్కన నిలబడడానికి తన చేతులతో పందిరి వేసే వెర్రివాడు ఈ తాలూకాలో ఇంకెవడైనా ఉంటాడా? అయినా గోడలు ఎండ దిగేలా పలచగానే కట్టాడు. ఆ ఎండలో సలోమి ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

చివరి తాళ్లు కడుతుండగా జీపు వచ్చి ఆగింది. కాలేబు దిగాడు. వెనక సలోమి చెయ్యి పట్టుకుని రిబ్కమ్మ దిగింది. చిన్న మనిషి, తెల్ల చీర.

ఆమె ఎవరితో మాట్లాడకుండా లోపలికి వెళ్లింది. గోడను అరచేత్తో తడిమింది. నేల మీద కూలబడి తల పైకెత్తి చూసింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"గిదే," అంది. "గిట్లనే ఉండె."

తర్వాత హనోకు వైపు తిరిగింది. అతని చేతులు పట్టుకుని కోతల గాట్లు చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"రైల్వే నౌకరోడివి, గీ ముడులు ఏడ నేర్చినవ్ కొడుకా? మంచిగ కట్టినవ్. నా బిడ్డకు నువ్వు సరైనోడివే."

హనోకుకు ఏం అర్థం కాలేదు.

"అమ్మా, పిల్లగాడు గీన కాదు," అన్నాడు కాలేబు కంగారుగా. "గీన పశువుల కాంపౌండర్."

"మరి గుడి కట్టింది?"

"గీనే."

"లగ్గం చేసుకునేటోడు?"

"సికింద్రాబాదుల ఉన్నడు. లగ్గం నాటికి వస్తడు."

రిబ్కమ్మ హనోకు చేతులు వదల్లేదు. "ఎవరో కడితే ఇంకెవరో వచ్చి నిలబడతడా? అరే, లగ్గం గుడి పెండ్లికొడుకే కట్టాలెరా! పొద్దంత కోత కోసి, మీ నాయన ఒక్కడే కట్టిండు నాకు. ఎవ్వరిని చెయ్యి పెట్టనియ్యలే. గదే మా జనంల పద్ధతి. ఇల్లు లేదు, భూమి లేదు, గిదొక్కటే పిల్లకు చేసి చూపెట్టేది."

"గీ ముచ్చట ముందుగాల్ల ఎందుకు చెప్పలేవ్?"

"గుడి ఏడ అని అడిగిండ్రు. ఎవరు కట్టాలె అని ఎవలన్న అడిగిండ్రా?"

కాలేబు తల పట్టుకున్నాడు. కాసేపటికి ఒక దారి దొరికినట్టు లేచాడు. "గట్లయితే ఇది విప్పిద్దాం. రైల్వే పిల్లగాన్ని పిలిచి మల్ల కట్టిద్దాం. తమ్మీ, నువ్వే జర విప్పు."

హనోకు కదల్లేదు.

"విప్పు తమ్మీ."

"విప్ప."

"ఏందీ?"

"కట్టమంటే కట్టిన. విప్పనీకె మాత్రం నా చేతులు రావు." ఇక ఆగడం అతని వల్ల కాలేదు. "నాకు సలోమి అంటే ఇష్టం. గుడి దొరికితే పోతదని, గుడి లేని ఊర్లు చూసి చూసి తీసుకపోయిన. నేను ఏడికి పోతే గా గుడి ఆడనే ఉండె! నన్నేం చెయ్యమంటరు?"

దూరంగా చెన్నబసమ్మ ఎడ్ల మెడ గంటలు మోగాయి.

"దొరకొద్దనే నేను గూడ తిరిగిన," అంది సలోమి.

హనోకు గిరుక్కున తిరిగాడు. "ఏందీ? మరి చెప్పొద్దా?"

"చెప్పేటందుకు మాట దొరుకుతలేకుండె. గంతల నువ్వు ముబారక్ అంటివి! పండ్లన్ని బయటపెట్టి!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న వైపు తిరిగింది. "నాయనా, రైల్వే ఆయన నాకొద్దు. నీకు చెప్పాలంటే భయమైంది. ఇప్పుడు గూడ భయమే అయితున్నది. కాని నాకు గీనే కావాలె."

"నేను మాటిచ్చిన గద!" అన్నాడు కాలేబు.

"ఇచ్చినోడివి పోయి తప్పైందని చెప్పు," అంది రిబ్కమ్మ. "దాని బతుకు కంటె నీ మాట పెద్దదా?"

కాలేబు గుడి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో ముడి దగ్గర ఆగి తాడు లాగి చూస్తున్నాడు. ఇలాంటిదే ఒకటి తన తండ్రి కట్టాడు. దాన్ని అతను ఎన్నడూ చూడలేదు. ఇంతకాలం దానికి అద్దాల కిటికీలు ఊహించుకున్నాడు. వెనక మూల దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. కళ్లు ఒత్తుకున్నట్టు కూడా అనిపించింది.

హనోకు ఎవరి మొహం చూడాలో తెలియక నేల చూశాడు.

"ఈ మూలకు వదులున్నది," అన్నాడు కాలేబు చివరికి. "గాలొస్తే ఊడుతది. లగ్గం నాటికి గట్టిగ కట్టు. సికింద్రాబాదుకు నేనే పోయి చెప్పొస్త."

"ఏదున్న జల్దీ కానియ్యుండ్రి," అని గట్టు మీదినుంచి అరిచింది చెన్నబసమ్మ. "నా ఎడ్లు ఆకలి మీదున్నయ్!"

రిబ్కమ్మ నవ్వుతూ కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. లోపల ఇద్దరే మిగిలారు. హనోకు తాడు పట్టుకుని వెనక మూలకు వెళ్లాడు. ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస జారిపోతోంది.

"సలోమీ," అన్నాడు. "మీ నాయన లగ్గం అన్నడు గద. ఎవరి లగ్గం?"

సలోమి వచ్చి జారిపోయిన కొస అందుకుంది.

"ముందుగాల్ల ముడెయ్యి," అంది. "మెల్లగ సమజైతది."